అంటుకున్న పళ్ళెం

జానమ్మ గడపకు అడ్డంగా కూర్చుంది. లేచేలా లేదు.

"ఇయ్యాల పొల్ల యాడికీ పోదు," అన్నది. "తీస్కపోవాల్నంటే నన్ను దాటుకొని పో."

లీలమ్మ ఒక చేతిలో బడిసంచి, రెండో చేతిలో కూతురి చెయ్యి. అచ్చంపేట పోయే బస్సు కిరాణా దుకాణం ముందు ఎక్కువ సేపు ఆగదు. అది వచ్చి ఆగిన చప్పుడు అప్పుడే వినిపించింది.

సువార్త తల్లి వైపు చూడలేదు, అవ్వ వైపూ చూడలేదు. పిక్క మీద కుక్క పళ్ళు దిగిన చోట తగలకుండా గౌను అంచు పైకి పట్టుకుని నిలబడింది. బొడ్డు చుట్టూ వేసిన సూదులకు పొట్ట గట్టిపడి, ఎర్రగా ఉబ్బింది. బోర్లా పడుకునే అలవాటున్న పిల్ల, నిద్రలో అటు తిరిగినప్పుడల్లా మూలుగుతోంది.

"అత్తమ్మా, లే. బస్సొచ్చింది."

"రానీ. ఆ పొట్ట సూసినవా? తొమ్మిదేండ్ల పొల్ల పొట్టనా అది? గోడకు మేకులు గొట్టినట్టు గొడ్తున్నరు. ఇంక ఎన్ని పొడుస్తరు?"

"సగం అయినయి. ఇంక సగమే."

"సగమే అంట. పొడిచేది నిన్నా?"

లీలమ్మ బడిసంచి భుజానికి తగిలించుకుంది.

"కుక్కకు పిచ్చే లేదంటున్నడు పళ్ళెం పెట్టే యాదయ్య. కల్లు కాంపౌండు కాడ సూసిండంట, మంచిగనే తిరుగుతాందంట. మంచిగున్న కుక్క కరిస్తే గిన్ని సూదులెందుకు?"

"ఎప్పుడు చూసిండు?"

"సూసిండంటున్న గద."

"నేను కాంపౌండు కాడ అడిగిన. చెరువు కట్ట మీద అడిగిన. ఎవలూ చూడలేదన్నరు."

"నీకు కనవడకపోతే లేనట్టేనా? నీకు కనవడనియి శానా ఉంటయి లోకంల." జానమ్మ గొంతు తగ్గించింది. "ఆ సూదితోని కాళ్ళు పడిపోతయంట గద. డాక్టర్లే చెప్తరంట. కాదను."

లీలమ్మ కాదనలేకపోయింది. ఆ మాటలో కొంత నిజం ఉంది. గొర్రె మెదడుతో తయారయ్యే ఆ మందు వేలమందిలో ఏ ఒక్కరికో నరాలు పట్టేస్తుందని ఆమె చదివింది. చదివిన రోజు నుంచీ సువార్త నడకను వెనక నుంచి చూస్తూనే ఉంది.

"వేలమందిల ఒకరికి అయితది అత్తమ్మా. పిచ్చికుక్క కాటు ముదిరితే ఒక్కరు గూడ బతకరు."

"ఆ ఒకరు మనమే అయితే?" జానమ్మ తలెత్తింది. "యోహానుకు గూడ గట్లనే అన్నరు. ఒక్క సూదమ్మా, పొద్దటికి లేసి కూసుంటడు అన్నరు. నా కండ్ల ముందల పొడిచిన్రు. ఆ నర్సు సూది పక్కకు వెట్టనే లేదు, నా కొడుకు మెడ వాలిపోయింది. ఒకన్ని సూదికి ఇచ్చిన. ఇంకొకదాన్ని ఇయ్య."

ఆ పేరు ఆ ఇంట్లో పైకి పలికి చాలా కాలమైంది. తండ్రి పేరు వినగానే సువార్త వేళ్ళు తల్లి అరచేతిలో బిగిశాయి.

లీలమ్మకు ఒక విషయం తెలుసు. జానమ్మకు తెలియదు. యోహాను పోయిన రోజు దవాఖాన వరండాలో డాక్టరు లీలమ్మను పక్కకు పిలిచి, "పొద్దున్నే తెస్తే బాగుండేదమ్మా," అన్నాడు. పొద్దున్నే ఛాతీ పట్టుకున్న కొడుకును చూసి, వాయువని చెప్పి, ఆముదం రాసి, తలకు గుడ్డ కట్టి, ప్రార్థన చేసి పడుకోబెట్టింది జానమ్మే. లీలమ్మ బడి నుంచి వచ్చేసరికి పొద్దు వాలింది.

ఆ మాట ఇప్పుడు చెప్తే గడప ఖాళీ అవుతుంది. కాని ఆ దెబ్బకు ముసలామె మళ్ళీ ఎప్పటికీ లేవదు.

లీలమ్మ వంగి కూతురిని ఎత్తుకుంది. అత్త మోకాళ్ళ మీదుగా కాలు చాపి, దాటింది.

పెద్దవాళ్ళను దాటకూడదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. వెనక నుంచి తిట్టు వస్తుందనుకుంది లీలమ్మ. రాలేదు.

* * *

"కుక్క సంగతి తెల్సిందా టీచరమ్మా?" అచ్చంపేట దవాఖానలో కాంపౌండరు అబ్దుల్ ఖాదర్ మందు సీసా అరచేతుల మధ్య దొర్లిస్తూ అడిగాడు.

"బతికే ఉన్నదంటున్నరు."

"అంటున్నరా, చూసిన్రా?"

"అంటున్నరు."

"గదీ సంగతి." ఆయన సువార్త ముందు ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. "కుక్క కరిచినంక పదిరోజులు బతికి మన కండ్ల ముందల తిరిగితే, బిడ్డకు ఫికర్ లేదు, సూదులు ఆపొచ్చు. చచ్చిపోయినా, కనవడకుండ పోయినా ఆపొద్దు. నడుమల తెగ్గొడితే చేసిందంత మట్టిల కలుస్తది. బేటీ, జర ఊపిరి బిగవట్టు."

సువార్త ఏడవలేదు. పైకప్పు వాసాలను చూస్తూ పడుకుంది. ఏడ్చే పిల్ల ఏడవకపోవడం చూసి లీలమ్మకు మరింత భయం వేసింది.

బయటికి వచ్చాక పిల్ల నీళ్ళడిగింది. లీలమ్మ సీసా మూత తీసి ఇచ్చి, ఎదురుగా వంగి నిలబడి, ఆ చిన్న గొంతును చూసింది. గుటక దిగింది. రెండోదీ దిగింది. కాటు ముదిరి, నీళ్ళను చూసి గొంతు బిగుసుకున్న రోజు ఇక చేయగలిగింది ఏమీ ఉండదని ఆమెకు తెలుసు. అందుకే పిల్ల నీళ్ళు తాగినప్పుడల్లా ఆమె గుటకలు లెక్కపెడుతుంది.

"ఎందుకమ్మా గట్ల చూస్తవు?"

"ఏం లేదు. తాగు."

పిల్లను ఇంట్లో దింపే ధైర్యం లేకపోయింది. తనతోపాటు బడికే తీసుకుపోయి, పదో తరగతి గదిలో చివరి బల్ల మీద కూర్చోబెట్టింది.

* * *

ఒంటిపూట బడి. ఎండ అప్పుడే రేకుల మీద పడి గది ఉడుకుతోంది. లీలమ్మ పాఠ్యపుస్తకం తెరవలేదు. బోర్డు మీద ఒకే ఒక్క వాక్యం రాసింది.

యాదయ్య పళ్ళెం పెట్టినవాళ్ళు ఎవరూ చావలేదు.

గదిలో గుసగుసలు లేచాయి. యాదయ్య అందరికీ తెలుసు. కుక్క కరిచినవాళ్ళ వీపు తడిపి, తండ్రి నాటి కంచుపళ్ళెం ఆనిస్తాడు. విషం ఉన్నంతసేపూ అది వీపును పట్టుకుని ఉంటుందంటాడు. మంత్రించిన బూడిద చల్లుతాడు. పళ్ళెం పడిపోతుంది. విషం పోయినట్టు.

"ఇది నిజమేనా? ఎవరన్న చెప్పండి."

మారెమ్మ కొడుకు బాలస్వామి లేచాడు. "నిజమే టీచర్. మా మామను కరిచింది. పళ్ళెం పెట్టిచ్చుకున్నడు. ఇప్పుడు ఎడ్లు కొట్టుకుంట తిరుగుతున్నడు."

"మంచిది. ఆయనను కరిచిన కుక్కకు పిచ్చి ఉండెనా?"

"తెల్వది టీచర్."

"పిచ్చి లేని కుక్క కరిచి, ఏ పళ్ళెమూ పెట్టకపోతే మీ మామ ఏమయ్యేటోడు?"

బాలస్వామి తల గోక్కున్నాడు. "ఎడ్లు కొట్టుకుంట తిరుగుతుండె."

అందరూ నవ్వారు. లీలమ్మ నవ్వు ఆగేదాకా చూసింది.

"పళ్ళెం పెట్టినంక చచ్చిపోయినవాళ్ళు ఒక్కరూ లేరా?"

ఖమర్ కూర్చునే చెప్పింది. ఆ పిల్ల ఏది చెప్పినా కూర్చునే చెప్తుంది. "ఉన్నరు టీచర్. మా గల్లీల చోటే మియా కొడుకు."

"ఆయనకు పళ్ళెం పెట్టలేదా?"

"పెట్టిన్రు. పడ్డది గూడ. కాని వంకాయ తిన్నడంట. పథ్యం చెడిపోయిందంట."

"తింటుంటే ఎవరు చూసిన్రు?"

"ఎవలూ చూడలే. చచ్చిపోయిండు గద, తినే ఉంటడు అన్నరు."

ఈసారి నవ్వలేదెవరూ.

"బతికితే పళ్ళెం మహిమ. చస్తే వంకాయ తప్పు," అన్నది లీలమ్మ. "మరి పళ్ళెం పనిచేయదని తేలాలంటే ఏం జరగాలె? ఆలోచించి చెప్పండి. తొందర లేదు."

బాలస్వామే మళ్ళీ అన్నాడు, తనలో తాను అనుకుంటున్నట్టు. "ఏం జరిగినా తేలది టీచర్. మాట ఎటన్న తిరుగుతది."

"ఆ తిరిగే చోటు పట్టుకోవాలె మీరు. మనిషి చెడ్డోడా, మంచోడా అని కాదు. యాదయ్య మంచోడే. ఎవరన్న మీకొక మాట చెప్పి నమ్మమంటే, ఇది తప్పయితే ఎట్ల తెలుస్తదని అడగండి. తెలిసే దారే లేదంటే అక్కడ ఆగండి. బతికినోళ్ళను చూపిస్తే, చచ్చిపోయినోళ్ళు యాడున్నరని అడగండి. వాళ్ళు వచ్చి చెప్పుకోలేరు కదా."

వెనక వరసలో ఎవరో, ముందూ వెనకా చూసుకోకుండా అనేశారు. "సూది వేసినంక చచ్చిపోయినోళ్ళు గూడ ఉన్నరు గద టీచర్."

 యోహాను సమాధి కార్యక్రమానికి ఈ పిల్లలంతా వరసగా నడిచి వచ్చినవాళ్ళే. అన్నవాడి పక్కనున్నవాడు మోచేత్తో పొడవడం లీలమ్మకు కనిపించింది.

చేతిలో చాక్‌పీసు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టింది.

"ఉన్నరు," అన్నది. "మా ఇంట్లనే ఉన్నరు. సూది వేసిన్రు, ఆయన పోయిండు. ఆ రెండూ జరిగినయి. సూది వల్లనే పోయిండా అన్నది వేరే ప్రశ్న. రోగం ముదిరినోళ్ళే దవాఖానకు పోతరు. అక్కడ ఆఖరుకు కనవడేది సూదే. అందుకని..."

చివరి బల్ల మీద సువార్త రెప్ప వేయకుండా వింటోంది. లీలమ్మ వాక్యం పూర్తి చేయలేదు.

ఖమర్ అందుకుంది. "కాని టీచర్, పళ్ళెం అంటుకునుడు అబద్ధం కాదు. నేను కండ్లార చూసిన."

"అంటుకుంటది. నేను కాదనట్లేదు. అంటుకుంటే దాని అర్థమేందన్నదే మన పంచాయితి. మీ ఇంట్ల కంచుపళ్ళెం ఉన్నదా?"

ఖమర్ ఇల్లు బడి గోడ పక్కనే. పళ్ళెంతో తిరిగొచ్చేసరికి బాలస్వామి అంగీ విప్పి, బల్ల మీద చేతులానించి వంగి ఉన్నాడు. నిన్ను ఏ కుక్కన్న కరిచిందా అని లీలమ్మ అందరి ముందూ అడిగింది. పుట్టి బుద్ధెరిగినంక లేదన్నాడు. వీపు తడిపి పళ్ళెం ఆనించి వదిలింది. పళ్ళెం నిలబడింది. బాలస్వామి అలాగే వంగి తలుపు దాకా నడిచి, వెనక్కి వచ్చాడు.

"పెండ్లిపీట మోసుకపోతున్నవారా," అన్నారెవరో. గది గొల్లుమంది.

ఇంకో ముగ్గురు అంగీలు విప్పారు. ముగ్గురికీ అంటుకుంది. లీలమ్మ చాక్‌పీసు పొడి పళ్ళెం అంచున చల్లింది. తడి పీల్చుకుంది. పళ్ళెం జారి నేల మీద ఖంగున మోగింది.

"యాదయ్య బూడిద చల్లుతడు," అన్నది ఖమర్ మెల్లగా. "తడి ఆరితే పడ్తది. అంతే."

యోహాను పోయిన తర్వాత మొదటిసారి లీలమ్మకు గుండెల మీద బరువు కొంచెం జరిగినట్టనిపించింది. చివరి బల్ల వైపు చూసింది. సువార్త నవ్వడం లేదు. బాలస్వామి వీపునే చూస్తోంది.

* * *

మరునాటికి హెడ్మాస్టరు ఐలేశం అనుమతి ఇవ్వలేదు. రోజూ మొదటి పీరియడు పోతే ఎట్ల టీచర్, మధ్యాహ్నం బస్సుకు పొండి, పిల్లను తరగతికి తేవద్దు అన్నాడు. సువార్తను ఇంట్లో వదిలిపెట్టి రాక తప్పలేదు.

బడి గేటు దగ్గర ఆడవాళ్ళు గుంపుగా ఉన్నారు. ముందు మారెమ్మ.

"టీచరమ్మా, నా కొడుక్కు ఇషం ఉన్నదంట గద."

"ఎవరన్నరు?"

"నీ బిడ్డనే జెప్పిందంట వాళ్ళవ్వకు. నువ్వు పళ్ళెం పెడితే నలుగురికి అంటుకున్నదంట. యాదయ్యను అడిగినం. ఇషం లేందే అంటదన్నడు. కరవకున్నా సరే, ఆ కుక్క నాకినా, దాని గాలి సోకినా ఎక్కుతదన్నడు. నా కొడుకు దానికి రొట్టె పెట్టి సాదినోడు." ఆమె ఇంకో అడుగు ముందుకు వేసింది. "తెల్సి గూడ నాకెందుకు చెప్పలే?"

లీలమ్మ ఆమె చెయ్యి పట్టుకోబోయింది. "మారెమ్మా, విను. విషం లేకున్నా అంటుకుంటదని చూపించనీకే పెట్టిన. అది అందరికీ అంటుకుంటది. నాకు అంటుకుంటది. నీకు గూడ అంటుకుంటది."

మారెమ్మ మొహం పాలిపోయింది. "నాకు గూడనా?"

ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. పక్కనున్న ఆడమనిషి ఆమె నుంచి కొంచెం జరిగి నిలబడింది.

ఐలేశం తన గదిలోకి పిలిచాడు. కేకలు వేయలేదు. "లీలమ్మగారు, మీరు తప్పు చేసిన్రని నేను అనట్లేదు. కాని పిల్లలు సగం పాఠమే ఇంటికి తీస్కపోయిన్రు. అంటుకున్నదన్నది పోయింది, ఎందుకన్నది ఈడనే ఉన్నది. పైకి ఎవరన్న అర్జీ పెడితే నేనేం చెప్పాలె?"

"పాఠం చెప్పిన అని చెప్పండి సార్."

"మీరు మనసుల కష్టంల ఉన్నరని చెప్తే సరిపోతదా?"

లీలమ్మ లేచి తరగతికి వెళ్ళింది.

సగం బల్లలు ఖాళీ. బాలస్వామి లేడు. అంగీలు విప్పినవాళ్ళెవరూ రాలేదు. అందరినీ యాదయ్య వాకిట్లో వరసగా కూర్చోబెట్టారని చెప్పింది ఖమర్.

"పొద్దటిసంది పళ్ళెం ఖంగుఖంగున పడ్తనే ఉన్నది టీచర్. పడ్డప్పుడల్లా వాళ్ళమ్మలు దండం పెడ్తున్నరు." ఆ పిల్ల ఆగి, మళ్ళీ అన్నది. "ఇది గూడ గదే కద టీచర్. నిన్న మనం పళ్ళెం ఉత్తదే అని తేల్చినం. ఆయన దాన్నే తీస్కొని అందరికీ ఇషం ఉన్నదన్నడు. మాట తిప్పే చోటు ఇదే."

"ఇదే," అన్నది లీలమ్మ.

ఒక్క పిల్లకు అర్థమైంది. అందుకు సంతోషించాలి. కాని యాదయ్య వాకిట్లో ఉన్న వరస ఆమె కళ్ళ ముందు నిలిచింది. ఆ వరసలో ఇంకెవరు కూర్చుని ఉంటారో తోచేసరికి ఆమె చాక్‌పీసు కింద పెట్టేసింది. గంట కొట్టేదాకా ఆగలేదు.

* * *

ఇంటి తలుపుకు గొళ్ళెం పెట్టి ఉంది.

అరుగు మీద కూర్చుంది. లేచింది. వీధి చివరిదాకా వెళ్ళి వచ్చింది. ఎండలో అవ్వా మనుమరాలూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని వస్తూ కనిపించారు. సువార్త వీపు మీద గౌను గుండీలు తీసి ఉన్నాయి. తెల్లటి బూడిద మెడ దాకా అంటి ఉంది.

జానమ్మ నవ్వుతోంది. కొడుకును పూడ్చి వచ్చిన తర్వాత ఆ మొహంలో నవ్వు చూడటం ఇదే మొదలు. లీలమ్మకు ఆ నవ్వును చూడబుద్ధి కాలేదు. చూడకుండా ఉండనూ లేకపోయింది.

"పడ్డది లీలమ్మా. ఖంగుమని పడ్డది. యేసయ్య పేరు తల్సుకొనే పెట్టిచ్చిన. ఇగ మన పొల్లకు భయం లేదు."

"బస్సొచ్చే యాళ్ళయింది. సువార్తా, రా."

పిల్ల కదల్లేదు. "నాకు ఇషం పోయిందమ్మా. సూది వద్దు."

"పళ్ళెం పడితే విషం పోదు బిడ్డా. నిన్న చూసినవు గద. బాలస్వామికి గూడ అంటుకున్నది, పడ్డది."

"అవును. నువ్వే పెట్టినవు. నువ్వే తెల్లపొడి చల్లినవు. వాళ్ళందరికీ ఇషం తీసినవు." సువార్త మెడ మీది బూడిదను తడుముకుంది. "నాకే తీయలేదు. నాకు సూదులేపిస్తున్నవు."

లీలమ్మ చేతులు చాపింది. పిల్ల వసారా గుంజను రెండు చేతులా కౌగిలించుకుంది. వేళ్ళు ఒక్కొక్కటిగా విప్పబోతే అరిచింది. ఆ అరుపు ఇంతకు ముందు ఎప్పుడూ వినలేదు. జంతువు అరుపులా ఉంది. లీలమ్మ చేతులు వాటంతట అవే వెనక్కి వచ్చాయి. ఇది భయమా, రోగమా? ఒక క్షణం ఆమెకు తెలియలేదు.

బస్సు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది.

"ఇడ్సిపెట్టు దాన్ని," అన్నది జానమ్మ. "మొగుణ్ణి మింగిన దవాఖాన మీద గింత ప్రేమ, గింత పావురమేందే నీకు?"

"అత్తమ్మా."

"ఏంది? అన్న. ఏం జేస్తవు? మల్ల దాటుతవా? మంచిగ నడుసుకుంట దవాఖానలకు పోయిండు నా కొడుకు."

"మంచిగ పోలేదు. ఆ పొద్దున..."

ఆగిపోయింది.

"ఆ పొద్దున ఏంది?"

జానమ్మ కళ్ళు లీలమ్మ మొహం మీదే ఉన్నాయి. ఆ కళ్ళలో ఉన్నది కోపం కాదు. చాలా రోజులుగా ఏదో ప్రశ్నను తానే లోపల అణిచి పెట్టుకున్న మనిషి చూపు. లీలమ్మకు అప్పుడు అనుమానం వచ్చింది. ఈమెకు తెలుసేమో. తెలిసే సూదిని తిడుతోందేమో.

"ఏం లేదు," అన్నది.

"ఏం లేకుంటే నోరు మూసుకో."

జానమ్మ లోపలికి వెళ్ళింది. పిల్ల కూడా ఆమె కొంగు పట్టుకుని వెళ్ళింది. కుండలో చెంబు ముంచిన చప్పుడు వినిపించింది. లీలమ్మ గుమ్మం దగ్గరికి పరుగెత్తింది. సువార్త నీళ్ళు తాగుతోంది. తాగి, చెంబు బోర్లించి, తల్లిని చూసి మొహం తిప్పుకుంది.

సాయంత్రం బస్సు ఒకటి ఉంది. దవాఖాన మూసినా ఖాదర్ ఇల్లు దాని వెనకే. బతిమాలితే తలుపు తీస్తాడు. కాని పిల్లను ఎలా తీసుకుపోవాలి? కాళ్ళూ చేతులూ కట్టా?

* * *

ఎండ తగ్గాక దొడ్డి తడిక చప్పుడైంది. గొంతు సవరించుకుంటూ ఎవరో పిలిచారు. "టీచరమ్మా, జర ఇటు రా."

యాదయ్య. తడిక అవతలే నిలబడ్డాడు. పొద్దంతా మనుషుల మధ్య ఉన్నవాడిలా లేడు. ఎడమ చేతికి తువ్వాలు చుట్టుకుని, ఆ చేతిని పొట్టకు ఆనించి పట్టుకున్నాడు.

లీలమ్మ దగ్గరికి వెళ్ళింది. కోపంగా ఏదో అనాలనుకుంది. ఆయనే ముందు అడిగాడు.

"మీ పొల్లకు సూదులు ఇంక ఉన్నయా?"

"ఉన్నయి. ఇయ్యాల తప్పింది."

"తప్పిచ్చకు."

లీలమ్మ ఇంకో అడుగు దగ్గరికి వేసింది.

"ఆ కుక్క సచ్చిపోయింది టీచరమ్మా. మా గడ్డివాము ఎనుక పడి ఉండె. నోటెంబడి సొంగ. నేనే గుంత తీసి పూడ్చిన."

"కల్లు కాంపౌండు కాడ చూసిన్నంటివి గద."

"అన్న." ఆయన తల దించాడు. "సచ్చిందంటే ఊరంత ఆగమైతదని అన్న. పళ్ళెం ఉన్నది గద, నేను సూస్కుంట అనుకున్న."

"యాదయ్యా, ఏం మనిషివి నువ్వు? పసిపిల్ల."

"తెల్సు."

ఆయన తువ్వాలు మెల్లగా విప్పాడు. బొటనవేలి మొదట్లో రెండు గాట్లు. మానుతున్న పుండ్లు. పసుపు, సున్నం కలిపి అద్ది ఉంది.

"మీ పొల్లను కరిచిన దినమే. వాకిట్లకెల్లి అదిలిస్తే పట్టుకున్నది. ఎవలకూ చెప్పలే. మా ఆమెతోని పళ్ళెం పెట్టిచ్చుకున్న. అంటుకున్నది. పడ్డది." ఆయన పెదవులు తడుపుకున్నాడు. "పడ్డది గాని, భయమైతాంది. నిద్ర వడ్తలేదు. నాకు సూదులేస్తరా టీచరమ్మా? ఆలిశమైందా?"

"వేస్తరు. ఇయ్యాలనే మొదలుపెట్టాలె. సాయంత్రం బస్సుకు పోదాం."

"నిన్ను ఒకటే అడుగుత. ఊర్ల ఎవలకూ తెల్వద్దు. పొద్దుగూకినంక ఎవలూ చూడకుండ పోయొస్త. నా పళ్ళెం మా నాయినది. మా తాతది. జనం నన్ను నమ్ముకున్నరు."

"అందుకే తెలవాలె."

"టీచరమ్మా."

"నిన్ను నలుగుర్ల తిట్టనీకె కాదు. నా మాట మా అత్త వినది. నా బిడ్డ గూడ వినది. నీ మాట వింటరు. లోపలికొచ్చి ఆ చెయ్యి చూపియ్యి. నువ్వు సూదికి పోతున్నవని నీ నోటితోనే చెప్పు. తర్వాత ముగ్గురం కలిసి బస్సెక్కుదాం."

యాదయ్య తడిక పట్టుకున్నాడు. ఇటు అడుగు వేయలేదు, వెనక్కీ పోలేదు. ఆయన తండ్రి తాతలు ఆ క్షణంలో ఆయన వెనకే నిలబడి ఉన్నట్టు, ఒకసారి భుజం మీదుగా చూసుకున్నాడు.

ఇంట్లో నుంచి జానమ్మ పిలిచింది. "ఎవలే అది దొడ్లె?"



జానమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. యాదయ్యను చూడగానే మొహం విప్పారింది. "నువ్వా యాదయ్యా? గట్ల బయటనే నిలవడ్డవేంది? లోపలికి రా. పానం నిలబెట్టినోనివి, నీళ్ళన్న తాగి పో."

ఆమె వెనక నుంచి సువార్త తల బయటపెట్టింది. యాదయ్యను చూసింది. ఆయన తువ్వాలు చుట్టుకోబోయి, ఒంటిచేత్తో చుట్టుకోలేక తడబడ్డాడు. పిల్ల మెట్టు దిగి, తడిక దాకా నడిచి వచ్చింది.

"తాతా, నీ చేతికి ఏమైంది?"

యాదయ్య లీలమ్మ వైపు చూశాడు. నువ్వే ఏదో ఒకటి చెప్పు అన్నట్టు చూశాడు.

లీలమ్మ నోరు తెరవలేదు. పిల్ల అడిగింది ఆయనను.

"చెప్పు తాతా," అన్నది సువార్త. "కుక్క కరిచిందా?"